ఎన్ ఆప్షన్ మీద నడిచిన ఆఫీసు

నేను రాసిన ఒక్క వాక్యం వల్ల నలభై మూడు గ్రామాలు మాయమైపోయాయి. ఊళ్లు ఉన్నచోటే ఉన్నాయి లెండి. జనం, గేదెలు, గట్టు తగాదాలు అన్నీ క్షేమం. మాయమైనవి వాటి పటాలు. కాని మా సంస్థ దృష్టిలో పటం లేని ఊరు ఊరే కాదు కనుక, గ్రామాలు మాయమయ్యాయని రాయడమే సబబు.

మాది గ్రామ పటాల పరిరక్షణ సంస్థ. కాకినాడలో, భానుగుడి జంక్షన్ నుంచి నడిచి వెళ్లే దూరంలో ఉన్న మూడంతస్తుల మేడ. తాతల నాడు గుడ్డ మీద గీసిన ఊరి పటాలు మా బీరువాల నిండా ఉన్నాయి. ఏ పుంతదారి ఎటు పోయిందో, ఏ నీటి బోదె ఎవరి చేలో పడిందో వాటిలోనే ఉంటుంది. చెదలు తినగా మిగిలిన వాటిని చూసి కంప్యూటర్లో మళ్లీ గీయడం మా పని. గీసినవాటిని దాచడానికి ఒక సాఫ్ట్‌వేర్ కొన్నారు. మేమంతా దాన్ని భాండారం అంటాం. దానికి అప్పగించిన ఫైలును అది జన్మలో మరిచిపోదు. ఎవరు మార్చారు, ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏ గీత జరిపారు, ఎందుకు జరిపారు, అన్నీ రాసిపెట్టుకుంటుంది. రాసిపెట్టుకున్న దాన్ని చెరపడం డైరెక్టర్ వల్ల కూడా కాకూడదన్న షరతు మీదే దాన్ని కొన్నారు. అప్పగించని ఫైలును మాత్రం అది తన సొంతం అనుకోదు.

ఆ భాండారానికి తెలుగులో సహాయ పుటలు రాయడం నా ఉద్యోగం. ఏ కమాండు ఏం చేస్తుందో, దాని పక్కన ఏ ఆప్షన్ కొడితే ఏమవుతుందో ఆపరేటర్లకు అర్థమయ్యేలా రాయాలి. అందుకు మా దగ్గర ఒక నియమం ఉంది. ఏ వివరణా నాలుగు మాటలకు మించకూడదు. మా డైరెక్టర్ పరాంకుశం గారు ఏదో సదస్సుకు వెళ్లి, క్లుప్తతే పరిపాలనకు ప్రాణమని విని వచ్చిన వారంలో పెట్టిన నియమం అది. దాన్ని వివరిస్తూ ఆయన ఇచ్చిన సర్క్యులర్ పదకొండు పేజీలు.

క్లీన్ అని ఒక కమాండు ఉంది. దాని పక్కన ఎఫ్ అనే ఆప్షన్ కొడితే, భాండారానికి అప్పగించకుండా మిగిలిపోయిన ఫైళ్లన్నింటినీ తుడిచేస్తుంది. చెత్తబుట్టలో కూడా దొరకవు. ఈ సంగతి నాలుగు మాటల్లో చెప్పాలి. ఒక శుక్రవారం భోజనాల వేళకు ఐదు నిమిషాల ముందు, ‘అవసరం లేని ఫైళ్లను తొలగిస్తుంది’ అని రాసి, సరిగ్గా నాలుగే వచ్చాయని మురిసిపోయి, క్యారేజీ విప్పుకున్నాను. ఏది అవసరమో ఏది కాదో తేల్చేదెవరన్న ప్రశ్న నాకు తట్టలేదు. తట్టినా ఐదో మాటకు చోటు లేదు.

సత్యవేణి పదకొండేళ్లుగా మా దగ్గర కాంట్రాక్టు మీద పటాలు గీస్తున్న ఆపరేటరు. చెద తినేసిన చోట గీత ఎటు పోయి ఉంటుందో పక్క ఊరి పటం పెట్టుకుని చూసి చెప్పేస్తుంది. మూడో అంతస్తులో ఐదు నెలలు కూర్చుని నలభై మూడు గ్రామాలు గీసింది. మరి వాటిని ఎప్పటికప్పుడు భాండారానికి ఎందుకు అప్పగించలేదని మీరు అడగవచ్చు. మా ఆఫీసు పద్ధతి అలాంటిది. పటం గీశాక సూపరింటెండెంటు జోగారావు గారు ఆపరేటరు సీటు దగ్గరికి వచ్చి, తెర మీద కళ్లారా చూసి, రిజిస్టర్లో పచ్చసిరాతో టిక్కు పెట్టాలి. టిక్కు పడిన పటాన్నే అప్పగించాలి. జోగారావు గారి గది కింద. ఆయనకు మోకాళ్ల నొప్పులు. లిఫ్టు మాఘమాసంలో ఆగిపోయింది. దాన్ని బాగుచేయించమని పెట్టిన ఫైలు మూడో అంతస్తులో ఆయన సంతకం కోసం ఎదురుచూస్తోంది.

జులై నెలలో ఒకరోజు సత్యవేణి కంప్యూటర్ ఇక చోటు లేదని మొరాయించింది. ఇలాంటి చిన్న ఇబ్బందులను ఆపరేటర్లు సహాయ పుటలు చూసి తామే పరిష్కరించుకోవాలని మా దగ్గర ఇంకో సర్క్యులర్ ఉంది. ఆమె పుట తెరిచింది, నా నాలుగు మాటలూ చదివింది, చెప్పినట్టే చేసింది. అరక్షణం పట్టిందట.

మెట్లు దిగి నా సీటు దగ్గరికి వచ్చింది.

“కామేశం గారండీ, క్లీన్ ఎఫ్ కొడితే పోయినియ్యి మళ్లీ ఎక్కడ దొరుకుతాయండి?”

“ఏం పోయాయమ్మా?”

“నలభై మూడూనండి.”

నేను లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో తెలియదు. మళ్లీ కూర్చున్నాను.

“అవసరం లేనియ్యి తీసేత్తదని రాశారు కదండీ మీరు,” అంది. “నా పటాలు అవసరం లేనియ్యని దానికెవరు చెప్పేరండి?”

నన్ను నిలదీయడానికి అడిగింది కాదు. నిజంగా తెలుసుకుందామనే అడిగింది. అందుకే నాకు సిగ్గేసింది.

లిఫ్టు దగ్గరికి ఐదు నెలలైనా మనిషి రాలేదు గాని, సత్యవేణిని విధుల నుంచి తప్పించే ఉత్తర్వు నలభై నిమిషాల్లో వచ్చింది. ‘గ్రామములను నలభై మూడింటిని నిర్లక్ష్యముతో నిర్మూలించినందున, విచారణ ముగియునంతవరకు ఆమెను విధులకు దూరముగా ఉంచడమైనది’ అని అందులో ఉంది. విచారణాధికారి జోగారావు గారు. సెప్టెంబరు ముప్పైన కాంట్రాక్టు వాళ్ల జాబితా కొత్తగా రాస్తారు. ఆ తేదీలోపు విచారణ తేలకపోతే ఆమె పేరు జాబితా నుంచి పోతుంది. ఉత్తర్వులోని ‘నిర్లక్ష్యము’ అన్న మాట మాత్రం ఆమె కాగితాల్లో ఉండిపోతుంది. ఆ మాట ఉన్న మనిషిని జిల్లాలో ఇంకే ఆఫీసూ గుమ్మం తొక్కనివ్వదు.

తప్పు నాది కనుక దిద్దుకునే పని కూడా నాదే అనుకుని ఫైలు పెట్టాను. పాత వాక్యం తీసేసి, ‘భాండారానికి అప్పగించని ఫైళ్లన్నీ పోతాయి, తిరిగి రావు’ అని పెడదామన్నాను. పరాంకుశం గారు పిలిపించారు. పక్కన జోగారావు గారు కూడా కూర్చుని ఉన్నారు.

“మీ ప్రతిపాదనను సమగ్రంగా పరిశీలించడం జరిగింది కామేశం గారూ,” అన్నారు డైరెక్టర్. “ఇందులో ఆరు మాటలు గమనించబడ్డాయి. నియమావళి అనుమతించేది నాలుగు. చివరనున్న ‘తిరిగి రావు’ అనే రెండింటిని తొలగించిన యెడల ప్రతిపాదన పరిశీలనార్హం కాగలదు.”

“ఆ రెండూ చెప్పడానికేనండి మిగతా నాలుగూ రాశాను.”

“మీ భావోద్వేగాన్ని గౌరవిస్తున్నాను.”

జోగారావు గారు గొంతు సవరించుకున్నారు. “మాటల లెక్క కాదండి ఇక్కడ. ఇప్పుడీ వాక్యం దిద్దేవనుకోండి, దిద్దకముందు తప్పుగా ఉందని మనవే ఒప్పుకున్నట్టు. ఒప్పుకున్నావంటే ఆ పిల్లది తప్పు లేదన్నట్టు. అది ఎంక్వయిరీ తేల్చాలి గాని వాక్యం తేల్చేత్తే ఎలాగండి?”

“మరి ఎంక్వయిరీ ఎప్పుడు తేలుతుందండి?”

“వాక్యం సరైందో కాదో తేలేక.”

“అది తేల్చేదెవరండి?”

“వాక్యం ఎవరు రాశారో ఆయన తేల్చాలి. అంటే నువ్వే కదా.”

“నేను తప్పని తేల్చే కదండీ దిద్దుతానంటున్నాను.”

“దిద్దకూడదయ్యా. ఎంక్వయిరీలో ఉంది.”

డైరెక్టర్ గారు ఆ ముడి ఇంకాస్త బిగించారు. ఆ వాక్యాన్ని సాక్ష్యాధారం నెంబరు ఒకటిగా ప్రకటించారు. అక్షరం కదిపినా సాక్ష్యాన్ని తారుమారు చేసినట్టే. అలా ఆ వాక్యం భద్రంగా, ఎనభై మంది ఆపరేటర్ల తెరల మీద, అందరూ చదువుకునే చోటే ఉండిపోయింది.

దిద్దడం కుదరకపోతే పక్కన ఇంకో ఆప్షన్ గురించి చెబుదాం, కనీసం ఇంకెవరూ పడకుండా ఉంటారు అనుకున్నాను. నా జన్మలో చేసిన రెండో పెద్ద తప్పు అది. క్లీన్‌కు ఎన్ అనే ఆప్షన్ కూడా ఉంది. అది కొడితే ఏ ఫైలూ పోదు. నిజంగా తుడిస్తే ఏమేం పోతాయో జాబితా మాత్రం చూపిస్తుంది. ముందు ఎన్ కొట్టి చూసుకోండని ఆపరేటర్లకు చెప్పనివ్వమని రెండో ఫైలు పెట్టాను.

మర్నాడు పరాంకుశం గారు నన్ను తానే స్వయంగా వెతుక్కుంటూ వచ్చారు.

“ఈ ఎన్ అనునది, పని చేయకుండానే, చేసి ఉన్నచో ఏమి జరిగెడిదో చెబుతుందా?”

“అవునండి.”

“తప్పు జరిగే ఆస్కారం?”

“ఏదీ జరగదు కదండీ.”

“బాధ్యత?”

“జరగని పనికి బాధ్యత ఏముంటుందండి.”

ఆయన నా ముందున్న కుర్చీలో కూర్చుని కాసేపు కళ్లు మూసుకున్నారు. ముప్పై రెండేళ్ల సర్వీసులో ఏది లేక అల్లాడిపోయారో అది దొరికిన మనిషి ముఖం అది. “ఇంత మహత్తరమైన పరిపాలనా సూత్రం,” అన్నారు కళ్లు తెరవకుండానే, “ఫైళ్లు తుడిచే కమాండు కింద పడి ఉన్నదా ఇన్నాళ్లూ.”

ఆగస్టు పదో తేదీన పూర్వదర్శన విధానం అమల్లోకి వచ్చింది. సంస్థలో జరిగే ప్రతి పనినీ ముందు ఎన్ ఆప్షన్ పద్ధతిలో, అంటే చేయకుండా, చేసినట్టు చూపాలి. ఫలితం బాగుంటే వాస్తవ అమలుకు అనుమతి కోరుతూ దరఖాస్తు పెట్టుకోవాలి. దరఖాస్తు పెట్టడం కూడా పనే కనుక, దాన్ని కూడా ముందు పూర్వదర్శనం చేయాలి. క్రమశిక్షణ చర్యల్లో జాప్యం తగదు కనుక అవి మాత్రం నేరుగా అమలవుతాయి. సర్క్యులర్ ఇరవై ఆరు పేజీలు. మా వాళ్లు దాన్ని ఉత్తుత్తి సర్క్యులర్ అన్నారు. తర్వాత తర్వాత ఉత్తుత్తిది అంటే చాలు, అందరికీ తెలిసిపోయేది.

మొదట టీ దగ్గర తెలిసింది. పదకొండు గంటలకు మా అటెండరు అప్పలకొండ ఖాళీ పళ్లెం పట్టుకుని వచ్చాడు.

“ఇప్పుడు టీ ఇచ్చుంటే కామేశం గారికి పంచదార తక్కువ, కేషియర్ గారికి అల్లం వేసింది,” అని సీటు సీటుకూ చెప్పుకుంటూ పోయాడు. ఎవరైనా చల్లారిపోయిందంటే రాసుకోవడానికి చేతిలో ఒక పుస్తకం కూడా ఉంది.

లిఫ్టు ఫైలుకు కూడా మోక్షం వచ్చింది. మెకానిక్కును పిలిపించారు. అతను లిఫ్టు ముందు నిలబడి, బాగుచేస్తే తలుపు ఇలా తెరుచుకుంటుంది, ఇలా మూసుకుంటుంది అని చేతులతో చూపించాడు. డైరెక్టర్ గారు రిబ్బను కత్తిరించినట్టు చేశారు. మర్నాటి నుంచి జోగారావు గారు లిఫ్టు బాగుందని రాసిన కాగితం మీద ఆధారపడి, తాను మూడో అంతస్తుకు వెళ్లి ఉంటే ఏ పటానికి టిక్కు పెట్టి ఉండేవారో రాసి పంపడం మొదలుపెట్టారు.

వీర్రాజు అనే రైతు గట్టు తగాదా కోసం తన ఊరి పటం నకలు కావాలని వచ్చాడు. కౌంటరు దగ్గర అతనికి పటాన్ని దూరం నుంచి చూపించి, ఇస్తే ఇదే ఇస్తామని చెప్పారు.

“ఆయ్, చూసేనండి,” అన్నాడు. “ఇచ్చేయండి మరి.”

“ఇది పూర్వదర్శనం అండి. ఇవ్వడం తర్వాత.”

“మా పక్క చేనాయన నిజంగానే దున్నేత్తన్నాడండి. ఆయన్ని కూడా ఉత్తుత్తిగా దున్నమని చెప్పండి పోనీ.”

ఆ సలహా బాగుందని, సంస్థ పరిధిని చేల దాకా విస్తరింపజేసే అంశం పరిశీలించదగినదని ఫైలు మీద రాశారు.

ఈలోగా మా పేరు రాష్ట్రమంతా మోగిపోయింది. ఆ నెలలో మా సంస్థలో ఒక్క తప్పూ జరగలేదు. ఒక్క ఫైలూ పోలేదు, ఒక్క ఫిర్యాదూ నమోదు కాలేదు, ఎందుకంటే నమోదు చేయడం కూడా పనే. పక్క జిల్లాల నుంచి అధికారులు వచ్చి చూసి, నోట్సు రాసుకుంటున్నట్టు అభినయించి వెళ్లారు. డైరెక్టర్ గారికి ఒక ప్రశంసాపత్రం వచ్చింది. అది మాత్రం నిజమైంది. చట్రం కట్టించి గోడకు తగిలించారు.

ఆగస్టు ముప్పై ఒకటిన జోగారావు గారి పదవీ విరమణ. సభ ఏర్పాటు చేశారు. దండ వేస్తే ఎలా ఉంటుందో చూపించారు. ఆయన లేకపోతే సంస్థ ఎంత లోటు పడుతుందో ఏడుగురు మాట్లాడారు. జోగారావు గారు చేతిరుమాలు తీసి కళ్ల దాకా తీసుకెళ్లి ఆపారు. మర్నాడు ఉదయం పది గంటలకు యథాప్రకారం వచ్చి తన కుర్చీలో కూర్చున్నారు.

“అదేంటండి, నిన్న రిటైరయ్యారు కదా,” అన్నాను.

“నిన్నటిది పూర్వదర్శనం కదయ్యా. వాస్తవంగా రిటైరవ్వాలంటే నేనే దరఖాస్తు పెట్టాలి.”

“పెడతారా?”

“ఆలోచిత్తన్నాను,” అన్నారు.

అప్పుడు నాకో దురాశ పుట్టింది. ఈ పద్ధతి జోగారావు గారికి పనికొచ్చినప్పుడు సత్యవేణికి ఎందుకు పనికిరాకూడదు? డైరెక్టర్ దగ్గరికి వెళ్లి, ఆమెను తీసేసిన ఉత్తర్వు కూడా ఉత్తుత్తిదేనని అనుకోవచ్చు కదా అన్నాను. కుదరదన్నారు. ఆమెను తీసింది సర్క్యులర్ రాకముందు కనుక అది వాస్తవం. పైగా క్రమశిక్షణ చర్య. పోనీ తిరిగి తీసుకుంటే ఏమవుతుందో పూర్వదర్శనం చేసి చూడండి అన్నాను. గుమ్మంలోకి ఒక్కసారి అడుగు పెట్టనిస్తే, ఆమెను చూశాక బయటికి పొమ్మనడానికి మనసొప్పదని నా లెక్క. పరాంకుశం గారు వెంటనే సరేనన్నారు. అంత వెంటనే సరేనన్నప్పుడే నాకు తెలియాల్సింది.

సెప్టెంబరు పద్దెనిమిదిన సత్యవేణి వచ్చింది. ఉతికి ఆరేసిన నేత చీర కట్టుకుంది. చేతిలో భోజనం క్యారేజీ ఉంది. మూడంతస్తులూ ఎక్కి తన సీటు దగ్గరికి వెళ్లి, కంప్యూటర్ మీది దుమ్ము కొంగుతో తుడిచి, ఆ రోజు గీయాల్సిన గుడ్డ పటం విప్పి, మడతలు అరచేత్తో సరిచేసింది. డైరెక్టర్ గారు ఆమెను తిరిగి తీసుకున్న ఉత్తర్వు చదివారు. చాలా చక్కని ఉత్తర్వు. ఆమె నైపుణ్యాన్ని పొగిడారు, జరిగినదానికి విచారం వెలిబుచ్చారు. అందరం చప్పట్లు కొట్టాం. ఫోటో తీశారు.

“ఇది సంపూర్ణంగా విజయవంతమైన పూర్వదర్శనం,” అన్నారు డైరెక్టర్ గారు. “ఇక మీరు వెళ్లవచ్చునమ్మా.”

ఆమె నావైపు చూసింది. గుడ్డ పటాన్ని మళ్లీ మడతలు పెట్టి, క్యారేజీ తీసుకుని మెట్లు దిగింది. నేను వెనకాలే గేటు దాకా వెళ్లాను.

“నిజంగా తీసుకున్నారనుకున్నానండి,” అంది.

“నాదే బుద్ధితక్కువ సత్యవేణీ.”

“ఇంకా పన్నెండు రోజులే ఉంది కదండీ ముప్పైకి.” క్యారేజీ చేయి మార్చుకుంది. “ఒక మాట అడగనాండి? మీరు దిద్దుతానని ఫైలు పెట్టేరని విన్నానండి. ఆ రోజున ‘తిరిగి రావు’ అని రెండు మాటలు రాసుంటే నేను ఎఫ్ కొడుదునాండి?”

“కొట్టవు.”

“అదే నేనూ అనుకున్నాను. నాకే చదవడం రాలేదేవో అనుకున్నానండి ఇన్నాళ్లూ.”

ఇంటికి వెళ్లాక నాకు అన్నం సయించలేదు. ఊరూ పేరూ తెలియని లిఫ్టు మెకానిక్కు మీద, డైరెక్టర్ మీద, ఉత్తుత్తి టీ మీద పడి ఎన్నాళ్లుగానో నవ్వుతున్నాను. నాలుగు మాటల్లో సరిపెట్టి భోజనానికి లేచింది మాత్రం నేను. పదకొండేళ్ల పనిమంతురాలు నా వాక్యం చదివి తనకు చదవడం రాదనుకుంది. ఆ మాట నన్ను చాలా రోజులు తినేసింది.

సెప్టెంబరు ముప్పై. ఉదయం పది ఇరవైకి నా సీట్లో కూర్చుని, ఎవరి అనుమతీ అడగకుండా, సహాయ పుట తెరిచి, పాత వాక్యం తీసేసి ఆరు మాటల వాక్యం పెట్టాను. అప్పగించే కమాండుకు కూడా ఎన్ ఉంది, అది కొట్టలేదు. నిజంగానే మార్చి భాండారానికి అప్పగించాను. మార్పు ఎందుకు చేశారో రాయమని భాండారం అడుగుతుంది. అందులో ఇలా రాశాను: ‘పాత వాక్యం రాసింది నేను. అది తప్పు. దాన్ని నమ్మి పని చేసిన సత్యవేణి తప్పు లేదు. పచ్చ టిక్కు కోసం ఐదు నెలలు ఆగకపోతే పటాలు పోయేవే కావు. కామేశం.’

పదకొండు గంటలకు నాకు మెమో వచ్చింది. ‘తేది ముప్పై ఉదయం పది గంటల ఇరవై నిమిషములకు తాము వాస్తవముగా పని చేసినట్లు దృష్టికి వచ్చినది. అట్లు ఏల చేసితిరో సంజాయిషీ ఇవ్వవలెను.’ చేతికిచ్చిన అప్పలకొండ నా చెవిలో, “ఇది ఉత్తుత్తిది కాదండి, నిజందే,” అన్నాడు.

డైరెక్టర్ గదిలో జోగారావు గారు కూడా ఉన్నారు. ఇద్దరి ముఖాలూ మాడిపోయి ఉన్నాయి.

“ఆ రాసినదాన్ని తక్షణం చెరిపివేయండి,” అన్నారు పరాంకుశం గారు.

“చెరగదండి. చెరగకూడదని షరతు పెట్టింది మీరే.”

“అయితే మీరు దోషి అని మీరే అంగీకరించినట్టు నమోదయింది.”

“అందుకే రాశానండి.”

జోగారావు గారు తల పట్టుకున్నారు. “ఇక్కడో చిక్కొచ్చిందండి. ఈయన దోషి అని భాండారంలో ఉంది. ఆ పిల్ల దోషి అని ఉత్తర్వులో ఉంది. ఒక్కొక్కళ్ల పేరు మీద నలభై మూడేసి గ్రామాలు. ఇద్దర్నీ ఉంచేవంటే ఎనభై ఆరు పోయినట్టు లెక్కొత్తాది. మిగతా నలభై మూడూ ఏవైపోయేయని పైవోళ్లు అడిగితే మనవేం చెప్తావండి?”

పరాంకుశం గారు కాగితం మీద నలభై మూడూ నలభై మూడూ కూడి చూశారు. ఎనభై ఆరే వచ్చింది.

“మరి మీ ఐదు నెలల సంగతి కూడా రాశాను కదండీ,” అన్నాను జోగారావు గారితో.

“అది లిఫ్టు తప్పు. లిఫ్టు బాగైపోయింది,” అన్నారు ఆయన.

సాయంత్రం నాలుగు గంటలకు ఉత్తర్వు తయారైంది. మొదటి మూడు పేరాలూ నా గురించి. అనుమతి లేకుండా, పూర్వదర్శనం లేకుండా, నియమానికి మించి రెండు మాటలు అధికంగా వాడి, వాస్తవంగా పని చేసినందుకు నన్ను ఉద్యోగం నుంచి తొలగించారు. నాలుగో పేరాలో, నలభై మూడు గ్రామాలకు ఒక దోషి మాత్రమే ఉండదగును కనుక, సత్యవేణిపై చర్య రద్దు చేసి ఆమెను జాబితాలో కొనసాగించడమైనది అని ఉంది. క్రమశిక్షణ ఉత్తర్వు నేరుగా అమలవుతుంది. నాలుగో పేరా కూడా అందులోదే కనుక అది కూడా నేరుగా అమలైపోయింది. ఆ సంగతి వాళ్లు గమనించలేదు. నేను గుర్తుచేయలేదు.

అక్టోబరు ఒకటిన సత్యవేణి మళ్లీ మూడంతస్తులూ ఎక్కింది. వారం తర్వాత నాకు ఫోను చేసింది.

“ఎలా ఉన్నారండి?”

“బానే ఉన్నానమ్మా. పొద్దున్నే లేవక్కర్లేదు. నీ పని ఎలా ఉంది?”

“తొమ్మిది ఊళ్లయ్యేయండి. పాతియ్యి చేతికి గుర్తున్నాయి, అందుకని తొందరగా అవుతున్నాయి. వచ్చిన రోజునే నాకో పని చెప్పేరండి. మీరు మార్చిన వాక్యం తీసేసి, పాతది మళ్లీ పెట్టమన్నారు.”

ఆమె స్థానంలో ఉంటే ఏం చేయాలో నాకు తెలుసు. పెట్టెయ్ అనే చెప్పాలి. ఉద్యోగం పోతే ఎలా ఉంటుందో వారం రోజులుగా చూస్తున్నాను.

“పెట్టెయ్యమ్మా,” అన్నాను. “నా గురించి ఆలోచించకు.”

“పెట్టేనండి. ఎన్ ఆప్షన్‌తో.”

“ఏంటి?”

“పాత వాక్యం పెడితే పుట ఎలాగుంటదో భాండారం చూపించింది కదండీ, అది ప్రింటు తీసి కిందకి పట్టుకెళ్లి జోగారావు గారికిచ్చేనండి. చూసేరు. బాగుందన్నారు. పచ్చసిరాతో టిక్కు కూడా పెట్టేరు. డైరెక్టర్ గారు ఫైలు మూసెయ్యమన్నారండి. మీ వాక్యం ఎక్కడికీ పోలేదు.”

ఫోను పెట్టాక పాత అలవాటు కొద్దీ ఇంట్లో కంప్యూటర్లో సహాయ పుట తెరిచాను; దాన్ని ఎవరైనా చూడొచ్చు. ఆరు మాటలూ ఉన్నాయి. రోజూ ఒకసారి తెరిచి చూసుకుంటున్నాను. ఇంకో ఉద్యోగం కోసం దరఖాస్తులు పెడుతున్నాను, నిజంగానే పెడుతున్నాను. మీరు ఎందుకు మానేశారని అడిగినచోటల్లా జరిగింది జరిగినట్టు చెబుతున్నాను. ఇప్పటిదాకా ఎవరూ నమ్మలేదు.